తొలి తప్పుకు జైలు వద్దంటే బాధితులకు అన్యాయమేనా?

పరిశోధక విద్యార్థి:
నేరం చేసినవారు దాన్ని ఎలా మానుకుంటారు, అందులో ప్రొబేషన్ (జైలుకు పంపకుండా, మంచి నడవడికకు బాండు రాయించుకుని విడుదల చేయడం) పాత్ర ఎంత అన్నది నా పీహెచ్‌డీ అంశం. "వయసు చూసి వదిలేస్తే దొంగలు పెరుగుతారు" అని ఈ చర్చలో ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలోని 6వ సెక్షన్ చూడండి. యావజ్జీవ శిక్ష పడే నేరమైతే తప్ప, 21 ఏళ్లలోపు వారిని జైలుకు పంపే ముందు కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. జైలే సరైనదనుకుంటే కారణాలు రాయాలి. 1964లో సుప్రీంకోర్టుకు వచ్చిన రతన్‌లాల్ కేసులో మన రాజమహేంద్రవరం వారైన జస్టిస్ కోకా సుబ్బారావు గారు, అప్పీలు కోర్టు కూడా ఈ మేలు చేయవచ్చని తీర్పు రాశారు.

ఇక మానుకోవడం సంగతి. బోస్టన్‌లో చిన్ననాడే నేరాల్లో పడిన 500 మంది బాలుర రికార్డులను శాంప్సన్, లాబ్ అనే అమెరికా నేరశాస్త్రవేత్తలు మళ్లీ తవ్వి తీశారు. వారిలో కొందరిని డెబ్బై ఏళ్ల వయసులో వెతికి పట్టుకున్నారు. నిలకడైన ఉద్యోగం, మంచి కాపురం చాలామందిని దారిలో పెట్టాయని తేల్చారు. జైలు మొదట తెంచేది ఆ రెండింటినే.

న్యాయవాది:
రతన్‌లాల్ కేసులో బాధితురాలికి ఏడేళ్లు. పదహారేళ్ల కుర్రవాడు ఇంట్లోకి చొరబడి ఆమెతో అసభ్యంగా ప్రవర్తించబోయాడు. ఆ పాప తల్లిదండ్రులకు మీ బోస్టన్ లెక్కలు చెబుతారా? ఇప్పుడైతే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది.

పరిశోధక విద్యార్థి:
వారికి ఏ లెక్కలూ చెప్పలేనండీ. వారి బాధ ముందు నా వాదన చిన్నదే. అయితే విడుదలైనవాడు బాధితులకు పరిహారం కట్టాలని ప్రొబేషన్ చట్టం 5వ సెక్షన్ కింద కోర్టు ఆదేశించవచ్చు. దాన్ని మీ న్యాయవాదులే గట్టిగా అడగాలి.

ప్రభుత్వోద్యోగి:
ప్రొబేషన్‌పై విడుదలైతే ఉద్యోగానికి అడ్డు ఉండదంటారు, నిజమేనా?

న్యాయవాది:
సగమే నిజం. శిక్ష వల్ల వచ్చే అనర్హత పోతుందని 12వ సెక్షన్ చెబుతుంది. నేర నిర్ధారణ మాత్రం చెరిగిపోదు, శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు అన్నది.

పరిశోధక విద్యార్థి:
నా మనసును తొలిచేది ఇదే. ఫోను దొంగతనం కేసులో ప్రొబేషన్ మీదున్న ఒక కుర్రవాడు కాపలా ఉద్యోగం దరఖాస్తు నింపుతూ, "ఎప్పుడైనా దోషిగా తేలారా?" అన్న గడి దగ్గర కలం ఆపేశాడు. మూడేళ్ల వరకు బాండు రాయించుకునే చట్టం, ఆ గడి దగ్గర అతన్ని ఒంటరిగా వదిలేసింది. నిజం దాస్తే ఆ దాపరికమే ఉద్యోగానికి ఎసరు పెడుతుంది. సుప్రీంకోర్టు 2016 అవతార్ సింగ్ తీర్పు నిజమే చెప్పాలంటూనే, నేరం స్వభావాన్ని చూసి నిర్ణయించాలని యజమానులకూ చెప్పింది. అందుకే ఉన్నది ఉన్నట్టు రాసి, విడుదల ఉత్తర్వు నకలు జతచేయమన్నాను.