‘నట్టనడిమి పని’యా, ‘నట్టనడిమీ పని’యా?

తిరుపతి సభ్యురాలు:
అందరికీ నమస్కారములు. అన్నమాచార్యుల ‘నానాటి బదుకు’ మొదటి చరణంలో రెండవ పాదం ‘నట్టనడిమి పని నాటకము’ అనే నాకు చిన్ననాటి నుంచి గుర్తు. మా మేడమీది గదిలో అద్దెకున్న అబ్బాయి ఇక్కడి సంగీత కళాశాలలో నాదస్వరం నేర్చుకుంటున్నాడు. అతని చేతి కాగితంలో ‘నట్టనడిమీ పని’ అని దీర్ఘంతో ఉంది. ‘మి’ హ్రస్వమైతే ఊపిరి ఆపకుండా ‘పని’ మీదికి వెళ్లిపోవచ్చు, దీర్ఘమైతే అక్కడ నిలిచి తరువాతి అక్షరానికి మళ్లీ నాలుకతో తుత్తుకారం పెట్టాలి, ఏది సరైనదో చెప్పమని నన్ను పట్టుకున్నాడు. ఖజానా కార్యాలయంలో లెక్కలు చూసి విశ్రాంతి పుచ్చుకున్న దానిని. మా వారు పోయిన తరువాత సాయంకాలం గోవిందరాజస్వామి గుడి దాకా వెళ్లి రావడమే నాకు మిగిలిన పని. ఈ అబ్బాయి పుణ్యమా అని నిఘంటువులు అటక దిగాయి; ఇప్పుడు అతని వెంట డోలు నేర్చుకునే పిల్లలు కూడా సాహిత్యం చెప్పించుకోవడానికి వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లకు తప్పు చెప్పకూడదు కనుక పెద్దలు తేల్చవలసిందిగా ప్రార్థన.

పీలేరు అయివారు:
అమ్మా, మీ జ్ఞాపకమే సరైనది. ‘నాటకము’తో ముగిసే పాదాలను వరుసగా పెట్టి మాత్రలు లెక్కించండి. ‘నానాటి బదుకు’ ఎనిమిది, ‘నడుమంత్రపు పని’ ఎనిమిది, ‘నగి నగి కాలము’ ఎనిమిది. ‘నట్టనడిమి పని’ అంటే ఎనిమిదే వస్తుంది. దీర్ఘం పెట్టిన మరుక్షణం తొమ్మిదవుతుంది. అర్థం చూసినా ‘నడుమంత్రపు పని’కి జోడుగా కవి ‘నట్టనడిమి పని’ అన్నాడు. దీర్ఘం పెడితే ‘నట్టనడిమి, ఈ పని’ అని విడదీయాలి. రెండు చోట్లా పనికి విశేషణమే ఉంది, మధ్యలో ‘ఈ’ దూరడానికి చోటు లేదు.

చిత్తూరు వకీలు:
అయివారు తమకు అనుకూలమైన సాక్షులనే పిలిచారు. ‘కైవల్యము’తో ముగిసే పాదాలను కూడా బోనెక్కించవలసింది. ‘కానక కన్నది’ ఎనిమిది, ‘కట్టఁ గడపటిది’ ఎనిమిది, ‘గగనము మీఁదిది’ ఎనిమిది, కాని ‘గడి దాటినపుడే’ తొమ్మిది. అక్కడ ఒప్పుకున్న అదనపు మాత్రను ఇక్కడ ఎందుకు ఒప్పుకోరు? పైగా అదే చరణంలో వెంటనే ‘యెట్టనెదుటఁ గలదీ ప్రపంచము’ అన్నాడు. కలది, ఈ ప్రపంచము. కంటికి ఎదురుగా ఉన్నది ‘ఈ’ ప్రపంచమైనప్పుడు నట్టనడుమ ఉన్నది ‘ఈ’ పని కావడమే సహజం.

పీలేరు అయివారు:
‘దాటినపుడె’ అని హ్రస్వంగా చదివితే మీ తొమ్మిదో మాత్ర మాయమవుతుంది.

చిత్తూరు వకీలు:
లెక్క కుదరడం కోసం పాఠం దిద్దుకునే పద్ధతి మా కోర్టులో చెల్లదు.

మదనపల్లె సభ్యుడు:
మాత్రల గొడవ పక్కన పెట్టి వ్యాకరణం చూడండి. ఇకారానికి అచ్చు పరమైతే సంధి వికల్పంగా జరిగేది ఏమ్యాదులకు, అంటే ‘ఏమి’ మొదలైన కొన్ని మాటలకు. ‘అది’ ఆ గణంలోనిదే కనుక ‘కలదీ’కి దారి దొరుకుతుంది. ‘నడిమి’ ఆ గణంలో లేదు. ‘నడిమి’, ‘ఈ పని’ కలిస్తే యడాగమంతో ‘నడిమి యీ పని’ కావాలే తప్ప ‘నడిమీ పని’ కాజాలదు. ఇక నట్టనడిమి, ఎట్టనెదుట, కట్టఁగడపటి అంటూ ఒక్క చరణంలో మూడు ద్విరుక్తటకారాలను ప్రాస కోసం నిలబెట్టిన కవికి సంధి తెలియదని ఎవరైనా అంటే నేను నమ్మను.

చిత్తూరు వకీలు:
బాలవ్యాకరణం 1858 నాటిది, అన్నమయ్య 1503లో పరమపదించాడు. చిన్నయసూరి పుట్టడానికి మూడు వందల ఏళ్ల ముందే వెళ్లిపోయిన కవిని సూరిగారి సూత్రంతో విచారించడం న్యాయమా? ఆయన పదాలలో వినిపించేది ఇంటి భాష. మన ఇళ్లలో యడాగమం ఎవరు పలుకుతున్నారు?

శ్రీకాళహస్తి సభ్యురాలు:
మీరంతా అచ్చు పుస్తకాన్ని పట్టుకుని వాదిస్తున్నారు. సంకీర్తనలు రాగి రేకుల మీది నుంచి వచ్చాయి. చెక్కినవాడి చేయి, చదివి ప్రతి రాసినవారి కన్ను, పరిష్కర్తల నిర్ణయం, ఆ పైన పాటగాళ్ల అలవాటు, ఇన్ని చేతులు మారిన తరువాత ఒక గుడి దీర్ఘానికి హామీ ఎవరిస్తారు? ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతులో రేవతి రాగంలో విని మనసుకు హత్తుకున్న రూపాన్నే మనలో చాలామంది కవి పాఠమనుకుంటున్నాం. రేకు చూడకుండా ఈ చర్చ తెగదు. మా ధూర్జటి పద్యాలకైతే గణాలు కాపలా ఉన్నాయి కనుక ఇంత చిక్కు రాదు.

పీలేరు అయివారు:
ధూర్జటి శతకంలో పాఠాంతరాలు లేనట్లు మాట్లాడుతున్నారే!

తిరుపతి సభ్యురాలు:
మీ అందరి వాదాలూ మా అబ్బాయికి చదివి వినిపించాను. అతను చిలకలూరిపేట వైపు నుంచి వచ్చాడు. తాతల నాటి నుంచీ గుళ్లలో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి పేరు ఎత్తితే చెవులు పట్టుకుంటాడు. మాత్రల లెక్క చెప్పగానే మోకాలి మీద తాళం వేసి చూసుకుని, లెక్క అయివారి వైపే ఉందిగాని రాగం ‘మీ’ దగ్గర నిలవమంటున్నదని అన్నాడు. ఆ తరువాత, “అవ్వా, నాటకమంటే అబద్ధమా, వేషమా?” అని అడిగాడు. ‘మి’ అయినా ‘మీ’ అయినా పని బూటకమని కవి తీసిపారేశాడనే నేను ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. అతనికి ఏమి చెప్పమంటారు?

చిత్తూరు వకీలు:
వేషమనే చెప్పండమ్మా. మా జిల్లాలో ధర్మరాజుల గుడి ఉన్న ఊరివారెవరూ నాటకాన్ని అబద్ధమనరు. ఆ గుడిలో భారతం ఉత్సవం జరిగినన్నాళ్లూ పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. అర్జునుడి వేషం కట్టినవాడు తపస్సు ఘట్టం కోసం నాటిన తపసుమాను ఎక్కేటప్పుడు కింద ఉన్న ఆడవాళ్లు పిల్లల కోసం కొంగు పట్టి నిలబడతారు. మీ తిరుపతి గంగజాతరలో మొక్కుకున్నవారు ముఖానికి రంగు పూసుకుని వేషం కట్టేది ఎవరిని మోసగించడానికి? కట్టినంతసేపు నిష్ఠగా ఉండి, ఆ తరువాత తీసి పెట్టవలసినది నాటకం. అటువంటి నాటకమని కవి చూపించేది చేతిలో ఉన్న ‘ఈ’ పనినే కనుక నా దీర్ఘం నిలిచినట్లే.

మదనపల్లె సభ్యుడు:
అర్థం బాగుంది, సంధి మాత్రం ఇంకా తప్పే. పై పాదంలో ‘పుట్టుటయు నిజము పోవుటయు నిజము’ అన్న తరువాత నడిమిది నిజానికి ఎదురుగా నిలిచే మాట కావద్దా? వేషమంటే ఆ ఎదురు పలచబడుతుంది.

తిరుపతి సభ్యురాలు:
ప్రస్తుతానికి ‘మి’ అని పలికి, సగం మాత్ర నిలిచి వాయించమన్నాను. డోలు పిల్లలు సగం మాత్రకు దెబ్బ ఎక్కడ వేయాలని తగువు పెట్టుకున్నారు కనుక శనివారం మళ్లీ కూర్చుంటున్నాం. ఈలోగా రేకు ఛాయాచిత్రం ఎవరికైనా దొరికితే దయచేసి ఇక్కడ పెట్టండి.

పీలేరు అయివారు:
సగం మాత్ర ఏ ఛందస్సులో ఉందమ్మా?

శ్రీకాళహస్తి సభ్యురాలు:
రేకు దొరికితే ‘బదుకు’, ‘బతుకు’, ‘బ్రతుకు’లలో ఏది ఉందో కూడా చూడండి. నా ఉద్దేశంలో అసలు తగువు అక్కడ ఉంది.