విండోస్ 7 కంప్యూటర్లలో పిల్లలకు కోడింగ్ నేర్పడానికి ఏ సైట్ వాడాలి?

నమస్కారం అండి. బెంగళూరు కేఆర్ పురం దగ్గర ప్రతి శనివారం 10 నుంచి 11:30 దాకా 6, 7 తరగతుల తెలుగు పిల్లలకు కంప్యూటర్ క్లాస్ చెప్తున్నాను. మొత్తం 8 పాత కంప్యూటర్లు, విండోస్ 7, 2 జీబీ ర్యామ్, నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాట్ ఒక్కటే.

బ్లాకులు లాగి పేర్చి కోడింగ్ నేర్చుకునే స్క్రాచ్ యాప్ వేద్దామంటే విండోస్ 10 కావాలంటుంది. విండోస్ 7కి క్రోమ్ 109తోనే ఆగిపోయింది కాబట్టి అందులోనే స్క్రాచ్ సైట్ తెరిచాను, ఒక్క సిస్టమ్‌లో పర్వాలేదు గానీ నాలుగింట్లో ఒకేసారి తెరిస్తే స్క్రాచ్‌లో మొదట కనిపించే పిల్లి బొమ్మ రావడానికే 20 నిమిషాలు పట్టింది, వచ్చాక కూడా బ్లాక్ లాగితే అది మౌస్ వెనకాల ఎప్పటికో వస్తుంది. పాత స్క్రాచ్ 1.4 బాగానే నడుస్తుంది, కానీ దాని స్క్రీన్ ఇప్పటి స్క్రాచ్‌లా ఉండదు, పిల్లలు బయట వేరేచోట చూసినప్పుడు తికమకపడుతున్నారు.

కంప్యూటర్ లేకుండానే ఆటలతో కంప్యూటర్ పాఠాలు నేర్పే సీఎస్ అన్‌ప్లగ్డ్ సైట్ మాత్రం బాగా పనికొచ్చింది. 1, 2, 4, 8, 16 చుక్కల కార్డులు ప్రింట్ తీసి ఇస్తే ఒక పాప 8, 2, 1 చుక్కల కార్డులు తిప్పి పెట్టి, ఆ చుక్కలు కలిపి "నా వయసు 11 సార్" అని చూపించింది, నాకు భలే సంతోషమేసింది. అందుకే ఇక్కడితో ఆపాలని లేదు.

ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా ఇలాంటి కంప్యూటర్లలో నడిచే బ్లాక్ కోడింగ్ సైట్ ఏదైనా మీరు స్వయంగా వాడి చూశారా?