అప్‌డేట్: ఆకాశ దర్శనంలో టెలిస్కోప్ మసకబారడం – కారణం దొరికింది

శరత్కాలంలో పిల్లలకీ పెద్దలకీ కలిపి పెట్టిన ఆకాశ దర్శనంలో, గంట దాటగానే శనిగ్రహం రింగులు మసకబారుతున్నాయని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న లెన్స్) మార్చాను, ఫోకస్ సరిచేశాను, లాభం లేకపోయింది. అసలు దోషి మంచు! మబ్బులేని రాత్రి టెలిస్కోప్ ముందువైపు లెన్స్ గాలికంటే ఎక్కువ చల్లబడి తేమ పట్టేస్తోంది. ఒకరు చెప్పినట్టు నల్ల ఫోమ్ షీట్‌ను లెన్స్ వెడల్పుకు రెండింతల పొడవుతో, లెన్స్ ముందుకు పొడుచుకొచ్చేలా గొట్టంలా చుట్టాను. మొన్న మూడు గంటలపాటు బొమ్మ చెదరలేదు. పిల్లల ఊపిరికి ఐపీస్ మాత్రం ఇంకా మసకేస్తోంది. అందుకే ఇంకోటి జేబులో వెచ్చగా ఉంచుకుని మారుస్తున్నా. తడి లెన్స్‌ను గుడ్డతో తుడవకండి, నేను తుడిచి ఓ గీత తెచ్చుకున్నాను.