హాబీ అన్నాక మెరుగుపడి తీరాలా?

నాలుగుతీగలు: యుకులేలి (నాలుగు తీగల చిన్న వాయిద్యం) కొని రెండేళ్లయింది. నాకు వచ్చిన కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) సీ, ఎఫ్, జీ సెవెన్, ఏ మైనర్. అంతే. వీటితోనే రోజూ రాత్రి పావుగంట ఏదో ఒకటి పాడుకుంటాను, హాయిగా ఉంటుంది. మొన్న ఒక స్నేహితుడు “రెండేళ్లకి నాలుగు కార్డులేనా?” అన్నాడు. అప్పట్నుంచి ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. సరదాకి మొదలుపెట్టినదాంట్లో కూడా ముందుకు పోతూనే ఉండాలా?

దూరనడక: పోవాలండీ. నేను ఆదివారాలు నడుస్తాను. మొదట్లో 8 కిలోమీటర్లకే మడమలు బొబ్బలెక్కేవి. సాక్సులు మార్చి, ఒక సైజు పెద్ద బూట్లు కొని, మెల్లగా పెంచుకుంటూ 30 దాకా వచ్చాను. ఇరవై దాటాక కాళ్లు వాటంతటవే సాగిపోతుంటాయి. ఆ సుఖం ఎనిమిది దగ్గర ఆగినవాళ్లకి తెలియదు. మీకు ఇంకా బీ ఫ్లాట్ కార్డు రాలేదంటే, కష్టమైన చోట పక్కకి తప్పుకున్నారన్నమాట.

చిరుగాలి: యుకులేలి అంటే బుల్లి గిటారే కదా, దానికింత చర్చా?

నాలుగుతీగలు: కాదండీ. 1879లో మదీరా నుంచి హవాయికి వలస వెళ్లిన పోర్చుగీసు వాళ్లు వెంట తీసుకెళ్లిన చిన్న వాయిద్యాల నుంచి పుట్టింది. గిటార్‌కి పైనుంచి కిందికి శ్రుతి పెరుగుతూ పోతుంది. దీనికి పైనున్న జీ తీగ, దాని కిందున్న సీ కన్నా హెచ్చుగా పలుకుతుంది. ఆ గలగల అందుకే.
దూరనడక గారూ, బీ ఫ్లాట్ ఊసు నేనెత్తానా?

దూరనడక: ఎఫ్ స్కేల్‌లో పాట ఎత్తుకుంటే అది కావాలిగా. చూపుడువేలితో రెండు తీగలు కలిపి అదమాలి, నెల రోజుల పని. నేను రోజుకి 10,000 అడుగులు పెట్టుకున్నాను. ఓ రాత్రి 9,700 దగ్గర ఆగితే, మిగతా మూడొందలూ మంచం చుట్టూ తిరిగి పూర్తిచేశాను. పట్టుదలంటే అదీ.

నాలుగుతీగలు: ఎఫ్ ఎందుకు, సీలోనే పాడుకుంటాను. మీ 10,000 ఏ డాక్టరూ తేల్చిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరానికి “పదివేల అడుగుల మీటరు” అని పేరు పెట్టి అమ్మారు, అక్కణ్నుంచి వచ్చింది. ఆ పేరు కోసం మీరు మంచం చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నారు!

చిరుగాలి: 😂😂

దూరనడక: నవ్వండి. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. పరీక్షలు దగ్గరపడ్డాయని ఓ రోజు పెట్టె తీసి అటక మీద పెట్టేశారు. “సరదాకే కదా, తర్వాత చూద్దాం” అన్నారు. ఆ తర్వాత అన్నది మళ్లీ రాలేదు. “సరదాకే” అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే నడకని ఎవరూ అలా అనకుండా లెక్క రాసి పెట్టుకుంటాను.

పాతచెప్పులు: అయ్యో, ముందే చెప్పొచ్చుగా.

నాలుగుతీగలు: నాది దానికి పూర్తిగా తలకిందులండీ. మా ఇంట్లో దేన్నీ సరదాకి వదిలేవాళ్లు కాదు. బొమ్మ గీస్తే పోటీకి పంపేవాళ్లు, ప్రైజు రాకపోతే రంగులు దాచేసేవాళ్లు. ఉద్యోగంలోనూ ఏడాదికోసారి మార్కులే. నాకు మార్కులు లేని పావుగంట ఇదొక్కటే. మంచం మాట అనకుండా ఉండాల్సింది, ఏమీ అనుకోకండి. కానీ ఐదో కార్డు మాత్రం నేర్చుకోను.

పాతచెప్పులు: ఇద్దరి అటకలూ ఒకటేలా ఉన్నాయి.

దూరనడక: సరే, మీ ఇష్టం. ఒక్కసారి మీ యుకులేలి మెడ పై కొస దగ్గర, మొదటి గడిలో తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడండి. ఎత్తుగా ఉంటే బీ ఫ్లాట్ ఎవరికీ సరిగా పలకదు, తప్పు మీది కాదు.

నాలుగుతీగలు: మళ్లీ బీ ఫ్లాటేనా!