జలుబుకి కషాయం: ఇంట్లో అందరికీ ఒకటే పెట్టొచ్చా?

చిట్టిగాడి_అమ్మ:
చలి మొదలైందో లేదో ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జలుబు అంటుకుంది. నాకు ముక్కు దిబ్బడ, గొంతులో గరగర. మా అమ్మకి పొడి దగ్గు, ఆవిడ బీపీ మాత్రలు వేసుకుంటుంది. బాబుకి ఇంకా ఏడాది నిండలేదు, ముక్కు మూసుకుపోయి పాలు తాగడానికి అవస్థ పడుతున్నాడు. అల్లం, మిరియాలు, తులసి, అతిమధురం, తేనె అన్నీ ఇంట్లో ఉన్నాయి. వీడియోల్లో ఒకరు అన్నీ కలిపి గంటసేపు మరిగించమంటారు, ఇంకొకరు చంటిపిల్లలకి కూడా తేనె నాకించమంటారు, చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఎవరికి ఏది ఇవ్వాలో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

పెరటి_మొక్క:
ముందు బాబు సంగతి. ఏడాది లోపు పిల్లలకి తేనె వద్దండీ, వేలితో నాకించడం కూడా వద్దు. తేనెలో ఒక్కోసారి బొటులిజం తెప్పించే బాక్టీరియా బీజాలు ఉంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో అవి పెరగలేవు, పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి, దాంతో కండరాలు చచ్చుబడిపోతాయి. స్వచ్ఛమైన తేనె అయినా సరే, కషాయంలో కాచినా సరే, ఆ బీజాలు మామూలు మరుగుకి చావవు. బాబుకి కషాయాలేవీ వద్దు. మెడికల్ షాపులో దొరికే సెలైన్ చుక్కలు పాలు పట్టే ముందు ముక్కులో వేయండి, శ్లేష్మం పలచబడి ఊపిరి ఆడుతుంది. పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి.

శొంఠికొమ్ము:
మీ కషాయం సంగతి నేను చెప్తాను. రెండు గ్లాసుల నీళ్లలో బొటనవేలు కణుపంత అల్లం, నాలుగైదు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేసి, చిన్న మంట మీద సగానికి దించండి. తులసి ఆకులు మాత్రం స్టవ్ కట్టేశాక వేసి మూత పెట్టాలి. వాటి వాసనంతా ఆకుల్లోని నూనెల్లోనే ఉంటుంది, ముందే వేసి మరిగిస్తే చాలావరకు ఆవిరైపోతుంది. గోరువెచ్చగా అయ్యాక తేనె కలుపుకుని గుక్క గుక్కగా తాగండి.

అల్లం బదులు శొంఠి వేస్తే సగం చాలు. అల్లం ఎండేటప్పుడు అందులోని జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఇంకా ఎక్కువ. ఘాటు ఎక్కువైతే ఎక్కువ పనిచేస్తుందనుకుని రెట్టింపు వేసేవాళ్లున్నారు, కడుపులో మంట తప్ప ఒరిగేదేం లేదు. జలుబు తెచ్చేవి వైరస్‌లు, రెండు వందల పైచిలుకు రకాలున్నాయి, వాటిని ఈ కషాయం చంపదు. గొంతు హాయిగా ఉంటుంది, నాలుగు గుక్కల నీళ్లు ఎక్కువ దిగుతాయి, ముక్కు కాస్త వదులవుతుంది. నిద్ర పట్టని రాత్రి అదేం చిన్న విషయం కాదు కదా.

రాత్రి_డ్యూటీ:
అమ్మగారికి అతిమధురం పెట్టకండి. దగ్గుకి మంచిదని అందరూ చెప్తారు, గొంతుకి హాయిగా ఉండే మాటా నిజమే, కానీ అందులోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పూ నీరూ నిలవ చేసి, పొటాషియం తగ్గించి, బీపీ పెంచుతుంది. రోజూ తాగితే మాత్రలు చేసే పనికి ఇది అడ్డం. పొడి దగ్గుకి రాత్రి పడుకునే ముందు ఒక చెంచా తేనె, షుగర్ లేకపోతేనే. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మేయమనండి, మింగకూడదు. రక్తం పలచబడే మందులేమైనా వాడుతుంటే అల్లం, పసుపు మోతాదు పెంచే ముందు డాక్టర్‌ని అడగండి.

చిట్టిగాడి_అమ్మ:
ఎంత మేలు చేశారో. అతిమధురం డబ్బా ఇప్పుడే లోపల పెట్టేశాను. మరి ఆవిరి? బాబుకి కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయమని పక్కింటివాళ్లు అంటున్నారు.

రాత్రి_డ్యూటీ:
కర్పూరం వద్దే వద్దు. చిన్నపిల్లలకి అది విషం, నోట్లోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి, చర్మం నుంచి కూడా ఒంట్లోకి చేరుతుంది. రెండేళ్లలోపు వాళ్లకి ఛాతీకి, ముక్కు దగ్గర అసలు రాయకూడదు. మీరు ఆవిరి పట్టుకోవాలంటే గిన్నె కదలకుండా టేబుల్ మీద పెట్టుకుని, బాబు వేరే గదిలో ఉన్నప్పుడే పట్టండి. మరిగే నీళ్లు ఒలికి పిల్లలు కాలిపోయిన కేసులు చలికాలంలో చూస్తూనే ఉంటాం.

జలుబు వారం పది రోజుల్లో తగ్గుతుంది, దగ్గు మూడు వారాల దాకా సాగొచ్చు, దానికే కంగారు పడకండి. కానీ బాబు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీలుస్తున్నా, పాలు సగం కూడా తాగకపోయినా, ఉచ్చ తగ్గినా, మగతగా పడి ఉన్నా అదే పూట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పాలకి అవస్థ పడుతున్నాడన్నారు కాబట్టి ఈ రాత్రి ఎన్నిసార్లు తాగాడో, ఎన్ని గుడ్డలు తడిపాడో రాసి పెట్టుకోండి, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.