నెల్లూరు రొట్టెల పండుగ: అమ్మ బదులు నేను రొట్టె ఇవ్వవచ్చా?

బారాషహీద్ దర్గాకు ఏటా వెళ్లేవారు దయచేసి చెప్పండి. గత మొహర్రంలో అమ్మ స్వర్ణాల చెరువులో దిగి తమ్ముడి కోసం ఉద్యోగ రొట్టె అందుకుంది. వాడికి ఉద్యోగం వచ్చింది. (పరీక్ష బాగా రాసినందుకే వచ్చిందని వాడంటాడు, అమ్మ ఒప్పుకోదు.) కోరిక తీరినవారు మళ్లీ వచ్చి అదే రకం రొట్టెను మరొకరికి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ కదా. ఈలోగా అమ్మకు మోకాలి ఆపరేషన్ జరిగింది, చెరువు మెట్లు దిగడం ఆమెవల్ల కాదు. నేను ఇస్తే చెల్లుతుందా, లేక తమ్ముడే రావాలా? ఇక్కడ తలా ఒక మాట చెబుతున్నారు. మా గుడి పూజారిగారు మాత్రం, దర్గా ముజావర్లను (అక్కడి సేవకులను) అడిగి వాళ్లు చెప్పినట్టే చేయమన్నారు.

అమ్మ దర్గా దర్శనానికైనా వస్తానని పట్టుబడుతోంది. చక్రాల కుర్చీ లోపలిదాకా వెళ్తుందా? గంధమహోత్సవం రాత్రి జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి, ముందు రోజు మేలా, తర్వాతి రోజా? రొట్టెలు ఇంట్లోనే చేసుకుని తేవాలా, అక్కడ కొన్నవి సరిపోతాయా? మేము హిందువులం, ఫాతిహా (దర్గాలో చేయించే ప్రార్థన) చదివించడానికి ఏమేమి తీసుకెళ్లాలో కూడా తెలియదు. పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది కనుక, రైలు టికెట్లు తీసుకునేలోపు ఎవరైనా చెబితే మేలు.