మెరుగు పెట్టడమా, నిగ్గు తేల్చడమా?

పెద్దలకు నమస్కారం. ప్రశ్న చిన్నదే: లోహాన్ని రుద్ది మెరిపించే పనిని తెలుగులో ఏమనాలి? పుట్టింది మాత్రం పెరట్లో, మోచేతుల దాకా నలుపుతో కూర్చున్నప్పుడు.

నాన్నగారి పాత బుల్లెట్ 350, కాస్ట్ ఐరన్ ఇంజను రకం. ఇంజను పక్కనుండే అల్యూమినియం కవర్లు చవుడు పట్టిన గోడలా పాలిపోయాయి. ఆయిలు దింపి, ఎడమ పక్క కవరు విప్పి, కిరసనాయిలుతో కడిగి, మూడు ఆదివారాలుగా రుద్దుతున్నాను. వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, బకెట్లో నానబెట్టుకుని ముందు 320 నంబరు, తర్వాత 400, 600, 800, 1000, 1500. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఒక నంబరుతో నిలువుగా రుద్దితే తర్వాతి నంబరుతో అడ్డంగా రుద్దాలి. నిలువు గీతలన్నీ చచ్చి అడ్డగీతలే మిగిలాక గానీ పై నంబరు ముట్టుకోకూడదు. నేను తెలివి ఎక్కువై 600 ఎగ్గొట్టాను. 1000 అయ్యాక ఎండలో వంచి చూస్తే, పిల్లి గీరినట్టు 400 నాటి గీతలు అలాగే ఉన్నాయి. మళ్లీ మొదటికి.

అప్పుడు అమ్మ వచ్చి "ఇంకెంతసేపు తోముతావురా దాన్ని?" అంది. నాకు అక్కడ పట్టుకుంది. ఇది తోమడమేనా? తోమితే మురికి పోతుంది, గిన్నె గిన్నెలాగే ఉంటుంది. నేను లోహాన్నే అరగదీస్తున్నాను. నూరడం కత్తికి, సాన పట్టడం రత్నానికి, చిత్రిక పట్టడం చెక్కకి. మెకానిక్ అయితే "బఫ్ కొట్టిస్తే (మిషను చక్రంతో రుద్దిస్తే) అరగంట పని సార్" అన్నాడు. పుస్తకాల భాషలో "మెరుగు పెట్టడం" ఉంది గానీ ఆ "పెట్టడం" దగ్గరే నాకు పేచీ. బొట్టు పెడతాం, కాటుక పెడతాం. లేనిది తెచ్చి పైన పెట్టడం అది. ఇక్కడ పెట్టిందేముంది, అంతా తీయడమే కదా. ఏమంటారు?

హైదరాబాద్ నుంచి ఒకరు: అన్నా, మా దిక్కు బోళ్లు తోముడు వేరు, సామాను రుద్దుడు వేరు. నీ వాటర్ పేపర్‌ను పాత షెడ్లల్ల రేగ్‌మాల్ అంటరు. ఫారసీల రేగ్ అంటే ఇసుక, మాల్ అంటే రుద్దుడు. మాలిష్‌ల ఉన్నది గూడ గదే. చెయ్యి చేసే పని పేర్లనే ఉన్నది, నీకు ఇగ పేచీ ఏంది?

గుంటూరు నుంచి ఒకరు: మాకు అది ఉప్పు కాగితం. ఉప్పేమీ ఉండదు, ఉప్పు రవ్వల్లా గరగరలాడుతుందంతే. వింతంటే, లోహాన్ని అరగదీసే ఆకురాయిదండీ. ఇనుపది, పేరులో రాయి!

ఒక సభ్యురాలు: మాది బంగారప్పని చేసే ఇల్లు. మెరుగు పెట్టడం మా మాటే. మీకు అనుమానం వచ్చిన ఆ "పెట్టడం" దగ్గరే దొంగలకూ దారి దొరికింది. "బంగారానికి మెరుగు పెడతామమ్మా" అంటూ వీధిలోకి వచ్చేవాళ్ల మోసం పేపర్లో చూస్తూనే ఉంటాం కదా. నగను ద్రవరాజంలో, అంటే బంగారాన్ని కరిగించే ఆమ్లంలో, ముంచుతారు. తళతళలాడుతూ తిరిగొస్తుంది, తూకం తగ్గుతుంది. కరిగిన బంగారం వాళ్ల గిన్నెలో పోతుంది. ఏదో పెడుతున్నారనుకుంటాం గనకే చెయ్యి చాచి ఇస్తాం. మెరుగంటే కొంత పోవడమేనని పనివాళ్లకు తెలుసు. మా తాతగారు పీట కింద రాలిన దుమ్ము కూడా ఊడ్చి దాచేవారు. నన్నడిగితే మీ పనికి "నిగ్గు తేల్చడం" బాగుంటుంది.

విశాఖ నుంచి ఒకరు: షెడ్డుకెళ్లి "కవరు నిగ్గు తేల్చు" అనండి, విచారణ సంఘం ఎప్పుడేశారు సార్ అంటాడు! అన్నట్టు అదే ఊపులో సైలెన్సర్ మీదికి వెళ్లకండి. కవరు పోత, సైలెన్సర్ మీది క్రోమ్ పూత. పోతని ఎంత రుద్దినా అడుగున అదే లోహం. పూతని రుద్దితే తెల్లారేసరికి ఇనుము పలకరిస్తుంది. కవరు లోపలి అంచు, ఆయిలు కారకుండా ఆపే గాస్కెట్ కూర్చునే చోటు, అక్కడా కాగితం ఆడించకండి. మెరుస్తుంది గానీ ఆయిలు కారుతుంది. పైన పటారం, లోన లొటారం అన్నమాట.

మళ్లీ నేను: అంచు సంగతి చెప్పి బతికించారు, ఇప్పుడే టేపు వేశాను. నిగ్గు మాట నాకు నచ్చింది. నిగ్గంటే కాంతే గదా. "నిజం నిగ్గు తేల్చాలి" అని నాయకులు రోజూ అనే మాటలో ఆ కాంతి ఎవరికీ కనిపించదు, అంతా కాగితాల కట్టలే. తేలడమంటే అడుగునున్నది పైకి రావడం. కవరు మీద జరిగేదీ అదే. గీతలు లోతుగా ఉంటే పడ్డ వెలుతురు తలోదిక్కుకీ చెదిరిపోతుంది, సన్నబడేకొద్దీ ఒకే వాటంగా తిరిగొస్తుంది. మెరుపు నేను తెచ్చింది కాదు, అడ్డం తీశానంతే. మెరుగుని మాత్రం వదలను. మెరుపు నుంచి "ఇంతకంటే మంచిది" దాకా నడిచొచ్చిన మాట, దాని బతుకు దానిది. ఇంట్లో మాట్లాడితే రుద్దుతున్నానంటాను, ఇక్కడ రాస్తే నిగ్గు తేల్చాననేస్తాను.

1500 అయిపోయింది. ఈరోజు బ్రాసో పాలిష్, పాత బనీను గుడ్డ. వేలికి చుట్టి చిన్న చిన్న సున్నాలుగా తిప్పుతుంటే నిమిషంలో గుడ్డ నల్లబడింది, పక్కనున్న జామచెట్టు కవరులో కనబడింది. అమ్మ గుడ్డ చూసి "ఇంకా మురికి పోలేదురా, తెల్లగా వచ్చేదాకా తోము" అంది. అది మురికి కాదు, అల్యూమినియమే, ఎంత రుద్దినా ఆ నలుపు వస్తూనే ఉంటుందని చెప్పాను. నమ్మలేదు. చింతపండు తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది.